అకిమ్ గారి ఎడమ చెవి

తాష్‌బులుంగ్ జిల్లా చరిత్రలో మార్చి రెండో బుధవారం సువర్ణాక్షరాలతో రాయదగ్గ రోజు. సువర్ణాక్షరాలు దొరక్క మా జిల్లా పత్రికవాళ్లు ఎర్రసిరాతో సరిపెట్టారు. మొదటి పేజీ నిండా ఒకటే ప్రకటన: "ఇకనుంచి ప్రతి ఆదివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరింటి దాకా జిల్లా టీవీలో 'అకిమ్ గారు – మనవాళ్లు' కార్యక్రమం ప్రసారమవుతుంది. జిల్లా ప్రజలందరూ దీన్ని స్వచ్ఛందంగా చూస్తారు. స్వచ్ఛందంగా చూడనివారి పేర్లను గ్రామపెద్దలు సోమవారం ఉదయం పదింటిలోగా అందజేస్తారు."

అకిమ్ అంటే జిల్లాకి పెద్ద. ఇప్పటి మా అకిమ్ ఓస్కోన్‌బాయ్ గారు. ఆయన వచ్చిన రెండేళ్లలో మాకు చేసిన మేలు ఇంతా అంతా కాదు. వచ్చిన మొదటి నెల్లోనే ఇళ్లమీది డిష్ యాంటెన్నాలు జిల్లా అందాన్ని చెడగొడుతున్నాయని పీకించేశారు. ఇప్పుడు మా ఇళ్ల కప్పుల మీదుగా మంచుకొండలు ఎంత బాగా కనిపిస్తాయో చెప్పలేను. టీవీలో మాత్రం జిల్లా టీవీ తప్ప ఇంకేమీ కనిపించదు. అది రాజధాని ఛానళ్లలో తనకి నచ్చింది పట్టుకుని మాకు వదులుతుంది. ఫోన్‌లో చూసుకోవచ్చుగా అంటారేమో. మా లోయలో ఇంటర్నెట్‌ని పొద్దున ఒక ఫొటో అడిగితే మధ్యాహ్నానికి నుదురు, సాయంత్రానికి ముక్కు వస్తాయి.

నా పేరు కెనెష్. ముప్పై ఏళ్లు సినిమా బండి నడిపాను. కొండలమీద గొర్రెల కాపరుల గుడారాల మధ్య దుప్పటి కట్టి బొమ్మ వేసేవాణ్ణి. ముప్పై ఏళ్లు ఊరందరికీ చూపించాను కదా, ఇక నేను చూస్తానని చెప్పి రిటైరైన రోజే టీవీ ముందు కూర్చున్నాను. పదకొండేళ్లుగా జిల్లా పత్రికలో 'చూసినవాడి మాట' అని వారం వారం నా అభిప్రాయాలు రాస్తున్నాను. టర్కీ సీరియల్లో కథానాయికకి మూడుసార్లు మతి పోయింది. పోయిన ప్రతిసారీ మొగుణ్ణి మరిచిపోయి అత్తగారిని మాత్రం గుర్తుపెట్టుకోవడం అన్యాయమని రాశాను. వంటల పోటీలో న్యాయనిర్ణేతలు చిటికెడు మాంసం నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంటారు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మాంసం కళ్లు తెరిచి తినాలి, లేకపోతే పక్కవాడు తినేస్తాడు. వాతావరణం చెప్పే అమ్మాయి వాన పడుతుందని చెప్పేటప్పుడు కూడా నవ్వుతుంది. గడ్డి కోసి ఆరబెట్టుకున్నవాడి మొహం మీద అలా నవ్వకూడదమ్మా అని మూడుసార్లు రాశాను. మానలేదు.

"ఎవరడిగార్రా నిన్ను?" అంటుంది బూరుల్ అపా.

బూరుల్ అపా మా పక్కింటి పెద్దావిడ, అపా అంటే అమ్మలాంటిది. డెబ్భై ఆరేళ్లు. వాళ్లింట్లో టీవీ లేదని కాదు, ఒంటరిగా చూస్తే తిట్టుకోవడానికి తోడు ఉండదని రోజూ మధ్యాహ్నం తన దిండు, తన టీ గిన్నె పట్టుకుని మా ఇంటికి వస్తుంది. సీరియల్లో అత్తగారిని నేను తిడతాను, ఆమె వెనకేసుకొస్తుంది. అదీ మా కాలక్షేపం.

ఇన్నేళ్ల నా సేవని గుర్తించిన మొదటి ప్రభుత్వం ఓస్కోన్‌బాయ్ గారిదే. ప్రకటన వచ్చిన రోజే ఆయన పత్రికా కార్యదర్శి ఎమిల్ మా ఇంటికి వచ్చాడు. ఎమిల్‌కి రెండు ఫోన్లు. ఒకటి మోగుతుంటే రెండోదానితో మాట్లాడతాడు. చంకలోంచి అట్టకట్టిన ప్రశంసాపత్రం తీసి నా చేతిలో పెట్టాడు. మాలో పెద్దన్నలాంటివాణ్ణి బైకే అంటారు.

"బైకే, మీరు జిల్లా వీక్షకుల మండలికి అధ్యక్షులు."

"మండలిలో ఇంకా ఎవరున్నారు?"

"మీరే."

"మరి నన్ను ఎన్నుకుందెవరు?"

"ఏకగ్రీవం, బైకే."

ఒక్క ఓటు కూడా వ్యతిరేకంగా పడలేదంటే నాకు ఎంత పేరుందో చూడండి.

మొదటి ఆదివారం కార్యక్రమం మొదలైంది. మొదటి గంట అకిమ్ గారు కుర్చీలో కూర్చుని నది మీద కట్టబోయే వంతెన గురించి మాట్లాడారు. రెండో గంట వంతెన మీద నిలబడి మాట్లాడారు. వంతెన ఇంకా కట్టలేదు కనక అది రావలసిన చోట ఒడ్డున నిలబడ్డారు. తలమీద తెల్లటి ఉన్ని టోపీ, కల్పాక్, మూరెడు ఎత్తు. మాలో మనిషి ఎంత పెద్దవాడో అంత పెద్ద కల్పాక్ పెడతాడు. ఇది మాత్రం అకిమ్ గారు టీవీ కోసం ప్రత్యేకంగా కుట్టించుకున్నట్టుంది, పైకొస తెరలో పట్టలేదు.

నేను నిజాయితీగా రాసి పంపాను: "కార్యక్రమం బాగుంది. కల్పాక్ చాలా బాగుంది. కుర్చీ కిర్రుమంటోంది, కాస్త నూనె వేస్తే మంచిది."

గంటలో ఎమిల్ ఊడిపడ్డాడు.

"బైకే, 'బాగుంది' అన్నారు. ఎంత బాగుంది?"

"రెండు గంటలు బాగుంది."

"కుర్చీ మాట తీసేద్దామా?"

"కిర్రుమంది కదయ్యా, అందరూ విన్నారు."

"అది కిర్రు కాదు బైకే, హర్షం."

మర్నాడు పత్రికలో నా పేరు మీద ఇలా వచ్చింది: "అకిమ్ గారి మాటలకు ఆసనం సైతం హర్షధ్వానం చేసింది." చదివి నాకే ముచ్చటేసింది. పదకొండేళ్లలో నాకు ఇలాంటి వాక్యం తట్టలేదు.

సోమవారం పదింటికల్లా పద్నాలుగు ఊళ్ల నుంచి నివేదికలు వచ్చాయి. అందరూ చూశారు. నూటికి నూరు శాతం. చోన్‌జార్ ఊరి పెద్ద మొల్దోకుల్ మాత్రం నూట పన్నెండు అని రాశాడు. అదెలాగని ఎమిల్ అడిగితే, "ఆ రోజు మా ఊళ్లో పెళ్లి. చుట్టాలొచ్చారు. వాళ్లనీ కూర్చోబెట్టి చూపించాం" అన్నాడట. అకిమ్ గారు మొల్దోకుల్‌ని పిలిపించి కౌగలించుకున్నారు.

అదే సోమవారం మధ్యాహ్నం బూరుల్ అపా దిండుతో వచ్చింది. కానీ సీరియల్ వైపు చూడలేదు.

"ఒరేయ్ కెనెష్, నువ్వు అధ్యక్షుడివట కదా?"

"అవును అపా."

"అధ్యక్షుడంటే ఏం చేస్తాడు?"

"చూస్తాడు."

"చూసింది చాల్లే. వెళ్లి అకిమ్‌తో ఒక మాట చెప్పు."

విషయం ఏమిటంటే, పందొమ్మిదేళ్ల తర్వాత మా జిల్లా జట్టు కోక్-బోరు ఫైనల్‌కి వెళ్లింది. రెండు జట్లు గుర్రాలమీద మేక కళేబరం కోసం పెనుగులాడి, లాక్కెళ్లి అవతలివాళ్ల మట్టిదిబ్బ నడుమ ఉన్న గుంతలో పడేసే ఆట అది. దాని ముందు మిగతా ఆటలన్నీ జోలపాటలని నా అభిప్రాయం. మా జట్టులో ముందు నిలిచి ఆడేవాడు తిలెక్, బూరుల్ అపా మనవడు. ఇరవై రెండేళ్లు. తల్లి లేని పిల్లవాణ్ణి ఆమే పెంచింది. ఫైనల్ రాజధానిలో, అకిమ్ గారి కార్యక్రమం మొదలయ్యాక మూడో ఆదివారం, సాయంత్రం నాలుగింటికి. రాజధాని రెండు కనుమల అవతల, పది గంటల ప్రయాణం. బూరుల్ అపా మోకాళ్లు పోయిన చలికాలమే సెలవు పెట్టాయి.

"ఆ ఒక్క ఆదివారం తన మొహం పక్కన పెట్టుకోమను. నేనేం ఆస్తి అడగట్లేదు. వాడు ఇంతున్నప్పుడు గుర్రం ఎక్కించింది నేను. పడితే లేపింది నేను. పళ్లు రాలితే ఏరుకొచ్చింది నేను. వాడు గెలిచే రోజున మాత్రం రాని వంతెన చూస్తూ కూర్చోవాలా?"

"ఓడిపోతే?"

"ఓడిపోయినా నేనే చూడాలి. నీకేం తెలుసు!"

మర్నాడు శుభ్రమైన కోటు వేసుకుని అకిమ్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన గదిలో గోడమీద గ్రాఫ్ కాగితం అంటించి ఉంది. వీక్షకుల గీత ఎంత పైకి పోయిందంటే కాగితం దాటి సున్నం గోడ ఎక్కింది.

"అకిమ్ గారూ, మూడో ఆదివారం కోక్-బోరు ఫైనల్ అండీ."

"తెలుసు బైకే. మన కుర్రాళ్లు మన గర్వం. కార్యక్రమంలో పది నిమిషాలు వాళ్ల గురించి మాట్లాడతాను."

"మాట్లాడటం కాదండీ. చూపిస్తే..."

"ఎప్పుడు చూపించాలి?"

"నాలుగింటికండీ."

"నాలుగింటికి నేనున్నానుగా?"

"అదేనండీ నేను..."

"బైకే, మీరు చదువుకున్నవాళ్లు. జిల్లాలో నూటికి నూరుమంది నన్ను చూస్తున్నారు. చోన్‌జార్‌లో నూట పన్నెండు. అంత ఆశగా చూస్తున్న జనం నోటి దగ్గర కూడు లాక్కుని మేకని చూపించమంటారా? నా మనసొప్పదు."

"నిజమేనండీ" అన్నాను. అనకుండా ఉండాల్సింది. గోడమీది గీత చూసి అనేశాను. మెట్లు దిగుతుంటే నామీద నాకే సిగ్గేసింది.

మా ఇంటి గేటు దగ్గరే నిలబడి ఉంది బూరుల్ అపా.

"అడిగావా?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"జనం ఒప్పుకోరట."

"ఏ జనం?"

"మనమే."

ఆమె వెనక్కి తిరిగింది. లోపలికెళ్లి దిండు తీసుకుని తన ఇంటికి వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. సీరియల్లో కథానాయికకి నాలుగోసారి మతి పోయింది. తిట్టుకుందామంటే పక్కన ఎవరూ లేరు. టీవీ కట్టేసి కూర్చున్నాను. పదకొండేళ్లలో అలా చేయడం అదే మొదటిసారి.

ఆ శనివారం, నూరు శాతం సాధించిన సందర్భంగా అకిమ్ గారు విందు ఇచ్చారు. పద్నాలుగు ఊళ్ల పెద్దలూ వచ్చారు. కొండమీది పల్లెనుంచి అకిమ్ గారి తల్లి కల్‌బూబూ అపాని కూడా తీసుకొచ్చారు. ఎనభై ఏళ్ల మనిషి, నిటారుగా కూర్చుంది. మాంసం అయింది, టీ అయింది. ఊరి పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచి, అకిమ్ గారిని టీవీలో చూసినప్పటినుంచీ తమ ఊళ్లలో ఆవులు ఎక్కువ పాలిస్తున్నాయని చెప్పారు. అంతా విని ఆ పెద్దావిడ గొంతు సవరించుకుంది.

"అందరూ చూశారంటున్నారు. సంతోషం. మరి కోరుమ్‌దుక్ ఏది?"

ఊరి పెద్దలు టీ గిన్నెలు కింద పెట్టేశారు.

కోరుమ్‌దుక్ అంటే తొలిచూపు కానుక. కొత్తకోడలి ముసుగు తీసి మొహం చూపించినా, పసిబిడ్డని చూపించినా, కొత్త గుర్రాన్ని చూపించినా, మొదటిసారి చూసినవాడు చూపించినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టాల్సిందే. ఉత్త చేతులతో చూస్తే చూసినదానికి దిష్టి. ఇది మా తాతముత్తాతల నాటి మాట, కాదనేవాడు లేడు.

"నా కొడుకు టీవీలో కొత్తగా పుట్టాడు" అంది కల్‌బూబూ అపా. "ఇన్ని వేలమంది ఉత్త చేతులతో చూస్తే వాడికి దిష్టి తగలదూ? మొన్నటినుంచీ వాడికి తుమ్ములు."

అకిమ్ గారు "అమ్మా, వద్దులే" అన్నారు, కానీ తుమ్ము కూడా వచ్చింది. తల్లి మాట కాదనకూడదు. ఆదివారం కార్యక్రమం మధ్యలోనే ఎమిల్ ప్రకటన చదివాడు: చూసిన ప్రతి ఇల్లూ స్వచ్ఛందంగా ఒక గొర్రెపిల్లని ఇవ్వాలి. చోన్‌జార్ గ్రామం చుట్టాల తరఫున కూడా ఇవ్వాలి.

సోమవారం పదింటికి కాదు, ఎనిమిదింటికే పద్నాలుగు ఊళ్ల పెద్దలూ ఆఫీసు గుమ్మంలో ఉన్నారు. వీక్షకుల మండలి అధ్యక్షుడి హోదాలో నేనూ ఒక పక్కన నిలబడ్డాను. అందరికంటే ముందు మొల్దోకుల్ వచ్చాడు.

"అకిమ్ గారూ, మా ఊళ్లో ఎవరూ చూడలేదండీ."

"నూట పన్నెండు శాతం అన్నావు కదా?"

"పెళ్లి భోజనం బరువుకి అందరూ నిద్రపోయారండీ. చుట్టాలతో సహా."

రెండో ఊరి పెద్ద తమకి కరెంటు పోయిందన్నాడు. "పోతే పోయిన వారం నూరు శాతం ఎలా రాశావు?" అంటే, "చీకట్లో అందరూ టీవీ వైపే కూర్చున్నారు కదండీ" అన్నాడు.

మూడో ఊరి పెద్ద, "మావాళ్లు విన్నారండీ, అంతే. వినడానికి కానుక ఇచ్చే ఆచారం లేదుగా?" అన్నాడు.

అందరిలోకీ ముసలాయన, గడ్డం నెరిసినవాడు, చేతులు కట్టుకుని చెప్పాడు. "మేం టీవీ ముందే కూర్చున్నాం నాయనా, అబద్ధం చెప్పను. కానీ రెండు గంటలూ తల వంచుకునే కూర్చున్నాం. అంత పెద్దమనిషి మొహంలోకి సూటిగా చూడటం మర్యాద కాదు కదా!"

మధ్యాహ్నానికి ఎమిల్ గ్రాఫ్ కాగితం చింపేసి, గోడమీది గీతని తడిగుడ్డతో తుడిచాడు. జిల్లా మొత్తం మీద అకిమ్ గారిని చూసినవాడు ఒక్కడే తేలాడు. వాడు చూసినట్టు పత్రికలో అచ్చయింది కనక తప్పించుకోలేడు. గొర్రెపిల్ల లేదని బతిమాలి మా కోడిపుంజుని ఇచ్చాను. నా అభిప్రాయాల్లో అంత ఖరీదైంది ఇంకోటి లేదు.

మర్నాడు అకిమ్ గారు నాకు కబురంపారు. కల్పాక్ బల్లమీద ఉంది, ఆయన కుర్చీలో ఉన్నారు. కల్పాక్ లేకపోతే అకిమ్ గారు మనలాంటి మనిషే. నాకు జాలేసింది.

"బైకే, నిజం చెప్పండి. నన్ను ఎవరూ చూడట్లేదా?"

కోడిపుంజు పోయినవాడికి భయం కూడా సగం పోతుంది. ధైర్యం చేశాను.

"చూస్తారండీ. జనం ఎక్కడ చూస్తారో అక్కడ మీరుండాలి. వచ్చే ఆదివారం నాలుగింటికి జిల్లా కళ్లన్నీ ఫైనల్ మీదే ఉంటాయి. ఆట మొత్తం ప్రసారం చేయించండి. మీరు వెళ్లి ముందు వరసలో కూర్చోండి. మధ్యలో ఎప్పుడో కెమెరా జనం వైపు తిరుగుతుంది. జిల్లా మొత్తం, 'అదిగో మన అకిమ్ గారు!' అంటుంది. అప్పుడు ఎవడు చూడలేదంటాడో నేనూ చూస్తాను."

అకిమ్ గారి మొహం వెలిగింది. "మధ్యలో ఎప్పుడో" అని మెల్లగా పైకే అనుకుని ఎమిల్ వైపు చూశారు. ఎమిల్ నవ్వాడు. ఆ నవ్వు గురించి నేను కాస్త ఆలోచించి ఉండాల్సింది. ఆ తొందరలో ఆలోచించలేదు. తిన్నగా బూరుల్ అపా ఇంటికి పరుగెత్తి, ఆట మొత్తం చూపిస్తారని చెప్పాను. ఆమె నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. "అధ్యక్షుడివంటే అధ్యక్షుడివే" అంది. అరవై నాలుగేళ్లకి నాకు కళ్లు చెమర్చాయి.

ఆదివారం మా ఇంట్లో నలభైమంది. కిటికీలోంచి చూసేవాళ్లు వేరే. బూరుల్ అపా గంపెడు గోధుమపిండి బోర్సోక్‌లు వేయించి తెచ్చింది. ఒక్కటి కూడా తను నోట్లో పెట్టుకోలేదు. దిండు తెచ్చుకుంది, దానిమీద కూర్చోలేదు.

ఆట అద్భుతం. వ్యాఖ్యాత గొంతు మొదటి పది నిమిషాల్లోనే బొంగురుపోయింది. మంచి వ్యాఖ్యాతకి అదే గుర్తు. మావాళ్లవి ఎర్ర చొక్కాలు. తిలెక్ గోధుమరంగు గుర్రం మీద ఉన్నాడు. వాడు తెరమీద కనిపించిన ప్రతిసారీ బూరుల్ అపా, "నడుం వంచు, నడుం వంచు" అని గదమాయించేది. వాడు వంచేవాడు. స్కోరు ఐదు–ఐదు. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, తిలెక్ గుర్రం మీదనుంచి నేలదాకా వాలి కళేబరాన్ని ఒంటిచేత్తో లేపి తొడకింద నొక్కిపెట్టాడు. గుర్రం దౌడు తీసింది. నలభైమందీ లేచి నిలబడ్డాం.

తెర ఒక్కసారి మినుక్కుమంది. జిల్లా టీవీ గుర్తు వచ్చింది. వెనక సన్నాయి లాంటి సంగీతం. "అకిమ్ గారు – మనవాళ్లు. రాజధాని మైదానం నుంచి ప్రత్యక్ష ప్రసారం."

తెరనిండా అకిమ్ గారి మొహం.

ఆయన ముందు వరస కమ్మీకి ఆనుకుని, మైదానానికి వీపు పెట్టి నిలబడ్డారు. ఎమిల్ పై వరసలోంచి కెమెరా పట్టినట్టున్నాడు. అకిమ్ గారి చేతిలో కాగితం, తలమీద మూరెడు కల్పాక్. "ప్రియమైన నా జిల్లా ప్రజలారా, వంతెన మొదటి దశ..." అని మొదలుపెట్టారు. ఆట ఆయన వెనకే జరుగుతోంది. ఆయన మొహం పట్టగా మిగిలిన చోట్లో, అంటే అటో చెవి ఇటో చెవి పక్కన, రెండు వేళ్ల వెడల్పున మైదానం కనిపిస్తోంది.

"తప్పుకోండి అకిమ్ గారూ!" అని అరిచాడు కిటికీలోంచి ఎవడో. ఎంత కోపంలోనూ మా జిల్లావాళ్లు మర్యాద తప్పరు.

"ఎడమ చెవి పక్కన ఎర్ర చొక్కా!"

"ఏదీ?"

"అదిగో, తమ్మె దగ్గర! గోధుమ గుర్రం!"

"వాడే! వాడే! కుడి చెవి వైపు పోతున్నాడు!"

అందరూ కుడి చెవి వైపు చూశాం. రాలేదు. అకిమ్ గారు వంతెన స్తంభాల గురించి చెబుతున్నారు.

"ఇంకా రాలేదేంటి?"

"కల్పాక్ వెనకున్నాడు."

"గుంత ఎక్కడుంది?"

"అదీ కల్పాక్ వెనకే."

"ఓరి దేవుడా, ఎవడు కుట్టాడ్రా ఆ కల్పాక్‌ని!"

బూరుల్ అపా మోకాళ్ల మాట మరిచి గబగబా టీవీ దగ్గరికి నడిచింది. రెండు చేతులూ అద్దం మీద పెట్టి అకిమ్ గారి తలని పక్కకి తోస్తోంది. "జరుగు నాయనా. నీ పుణ్యముంటుంది, కాస్త జరుగు. ఒక్క బెత్తెడు జరుగు" అని బతిమాలుతోంది. ఎవరూ నవ్వలేదు. నా సలహావల్లే ఇదంతా అని గుర్తొచ్చి, నాకు నేల చీలి లోపలికి పోతే బావుండుననిపించింది.

అప్పుడు రాజధానిలో గాలి వీచింది.

అకిమ్ గారి చేతిలో కాగితం ఎగిరి కాళ్ల దగ్గర పడింది. ఆయనకి వంతెన రెండో దశ నోటికి రాదు. ఒక చేత్తో కల్పాక్ పట్టుకుని, కాగితం అందుకోడానికి వంగారు. తెర ఖాళీ అయింది.

మైదానం మొత్తం మా ఇంట్లోకి వచ్చేసింది. ఎండ, దుమ్ము, నాలుగు గుర్రాలు, వాటికి బారెడు ముందు గోధుమ గుర్రం. అది దిబ్బ అంచుమీదకి ముందుకాళ్లు ఎత్తింది. తిలెక్ నడుం వంచాడు, పూర్తిగా, ఆమె చెప్పినట్టే. రెండు చేతులతో కళేబరాన్ని లేపి గుంతలోకి వదిలాడు. దుమ్ము లేచింది. ముప్పై ఏళ్లు రీళ్లు తిప్పినవాణ్ణి, సెకన్లు నాకు వేళ్లమీద ఉంటాయి. ఐదు సెకన్లు.

తర్వాత అకిమ్ గారు కాగితంతో లేచారు. ఆయన వెనక మైదానం చుట్టూ వేలమంది లేచి కేకలు, ఈలలు. టోపీలు గాల్లోకి ఎగిరాయి. ఆయన ఆ హోరు విని, కాగితం వైపు చూసి, "వంతెన విషయంలో మీ ఆనందం నేను అర్థం చేసుకోగలను" అని చెయ్యి ఊపారు.

మా ఇంట్లో ఆ మాట విన్నవాళ్లు లేరు. కిటికీ రెక్క ఒకటి ఊడింది. బూరుల్ అపా టీవీ పక్కన నేలమీదే కూర్చుండిపోయింది. చెంపలు తడిసిపోతున్నాయి, తుడుచుకోవట్లేదు.

"చూశాన్రా కెనెష్. మొత్తం చూశాను."

ఆరు–ఐదుతో మా జట్టు గెలిచింది. సోమవారం పొద్దున్నే అకిమ్ గారి ఆఫీసు ముందు జనం. ఎవరూ పిలవలేదు, ఏ ప్రకటనా రాలేదు. అకిమ్ గారు రాత్రంతా ప్రయాణం చేసి అప్పుడే తిరిగొచ్చారు. ఫిర్యాదులేమోనని ఎమిల్ తలుపు సందులోంచి చూసి బిత్తరపోయాడు. గొర్రెపిల్లలు, పెరుగుండల సంచులు, నేరేడు జామ్ సీసాలు, అప్పుడే కాల్చిన రొట్టెలు. చోన్‌జార్‌వాళ్లు చుట్టాల తరఫున కూడా తెచ్చారు. ఇదేమిటని నేను ఆ నెరిసిన గడ్డం పెద్దాయన్ని అడిగితే, "ఆచారం ఆచారమేరా. కోరుమ్‌దుక్ చూపించినవాడి చేతిలోనే పెట్టాలి. చూపించింది ఆయనే కదా?" అన్నాడు.

అకిమ్ గారు బయటికి వచ్చారు. తల్లి కుట్టిచ్చిన చిన్న కల్పాక్ పెట్టుకున్నారు. జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగారు.

"అయితే చూశారా?"

"చూశాం!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో. మా జిల్లాలో ఏ ప్రశ్నకీ అంత నిజమైన జవాబు నేను వినలేదు.

"అందరూ?"

"అందరం!"

బూరుల్ అపా ముందుకు వచ్చింది. భుజం మీద చుట్టిన రంగుల ఉన్ని తివాచీ, రెండు చలికాలాలు కూర్చుని మనవడి పెళ్లికని కుట్టింది. అకిమ్ గారి కాళ్ల ముందు పరిచింది. ఆయన తివాచీ అంచు దాకా వచ్చారు. ఆశగా అడిగారు.

"అపా, నా కార్యక్రమంలో మీకు ఏ భాగం నచ్చింది?"

"నువ్వు వంగావు చూడు నాయనా, అదీ."

"అదే, అదే!" అన్నారు జనమంతా. "మాకూ అదే!"

అకిమ్ గారు ఎమిల్ వైపు తిరిగారు. "రాసుకో. వినయం. జనం కోరుకునేది వినయం." ఎమిల్ ఒకసారి జనం వైపు, ఒకసారి అకిమ్ గారి వైపు చూసి, తల దించుకుని రాసుకున్నాడు.

"ఇంకోసారి వంగండి అకిమ్ గారూ!" అన్నాడు వెనకనుంచి మొల్దోకుల్.

అకిమ్ గారు కల్పాక్ చేత్తో పట్టుకుని, జనానికి ఎదురుగా, నడుందాకా వంగారు. జనమంతా ఒక్కసారి మునివేళ్ల మీద లేచి, మైదానం కనిపిస్తుందేమోనన్నట్టు ఆయన వీపు మీదుగా మెడలు సాచారు. బూరుల్ అపా నా భుజం పట్టుకుని తనూ మునివేళ్ల మీద లేచింది. వెనకాల ఆఫీసు తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.